మధ్యాహ్నానికీ కరగని చలి

తెలుగులో మంచు అన్న మాటకు పని ఎక్కువ. తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచే బొట్టూ మంచే, సంక్రాంతి రోజుల్లో రోడ్డును కప్పేసే పొగా మంచే, హిమాలయాల మీద పరుచుకున్న తెలుపూ మంచే. డిసెంబరులో మంచు చూడాలని లంబసింగికి బయల్దేరేవాళ్లలో చాలామందికి కనబడేది పొగమంచు; చలి బాగా ముదిరిన రోజైతే పొలాల్లో గడ్డకట్టిన మంచుబొట్లు. ఆకాశం నుంచి రాలే మంచు వేరు, నీళ్లను గడ్డకట్టించే చలి వేరు అని విడదీసి చెప్పుకోవలసిన అవసరం మన ఊళ్లలో పెద్దగా రాలేదు, భాష కూడా ఆ శ్రమ పడలేదు. అమెరికాకు నైరుతి మూలన, అరిజోనా రాష్ట్రంలో టూసాన్ నగరం చుట్టూ పరుచుకున్న సొనోరా ఎడారిలో మాత్రం ఆ రెండింటినీ విడదీయక తప్పదు. అక్కడి మహా జెముడు బతుకూ చావూ ఆ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. కొన్నేళ్లకోసారి ఆ ఎడారిలో మంచు కురుస్తుంది. చేతులెత్తి నిలబడ్డ జెముళ్ల భుజాల మీద తెల్లగా పేరుకుంటుంది. ఆ ఫొటో చూసినవాళ్లకు ముందు ముచ్చటేస్తుంది, ఆ వెంటనే ‘పాపం, బతుకుతుందా?’ అన్న దిగులు కలుగుతుంది. దిగులు న్యాయమైనదే, కానీ పడవలసిన చోట పడటం లేదని నా వాదన. జెముడును చంపేది కంటికి కనబడే తెలుపు కాదు. కంటికి ఆనని చలి, అదీ కొన్ని గంటల లెక్క దాటిన చలి. ఈ రెండింటినీ కలిపేసుకున్నందువల్ల సామాన్య ప్రయాణికులే కాదు, శాస్త్రజ్ఞులు కూడా ఒకప్పుడు దారి తప్పారు.

ఆ జెముడు పేరు సగువారో అని రాస్తారు, సవారో అని పలుకుతారు. జెముడు అనగానే మనకు మెదిలేవాటిలో చాలావాటికి దీనితో చుట్టరికం లేదు. చేల గట్ల మీద పెరిగే బొంతజెముడునో ఆకుజెముడునో గిల్లితే పాలు కారతాయి; ఆ కుటుంబమే వేరు. అసలైన జెముడు కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలదే, మన నాగజెముడు కూడా అక్కడి నుంచి ఓడలెక్కి వచ్చిందే. సవారో ఆ కుటుంబంలో పెద్దన్న లాంటిది. 12 మీటర్లు దాటి పెరుగుతుంది, 150 ఏళ్లు పైబడి బతుకుతుంది. మొదటి ఎనిమిదేళ్లలో ఎదిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళాలే. తొలి పూత దాదాపు 35 ఏళ్లకు, తొలి చెయ్యి 50 దాటాక. ఒంటి నిండా హార్మోనియం తిత్తిలాంటి మడతలుంటాయి. వాన పడితే ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. లోపల వాసాల్లా నిలబడ్డ కర్రలు, వాటి చుట్టూ నీళ్లు నిండిన గుజ్జు. పెద్ద చెట్టు బరువు టన్నుల్లో ఉంటుంది, అందులో అత్యధిక భాగం నీళ్లే. ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్న తొహోనో ఓధమ్ జనం ఎండిన సవారో వాసాలనే జత కట్టి పొడవాటి దోటి చేస్తారు, జూన్‌లో ఆ దోటితోనే సవారో పండ్లు రాలుస్తారు. వాళ్ల లెక్కలో సవారో చెట్టు కాదు, మనిషి. మనిషితో పోలిక వాళ్లకే కాదు, చూసిన ప్రతివాళ్లకూ తోస్తుంది. మంచులో నిలబడ్డ సవారోను చూసి మనం జాలిపడటానికి సగం కారణం అదే: చొక్కా లేని మనిషి చలిలో నిలబడ్డట్టు ఉంటుంది.

ఇక్కడ ఎడారి అంటే ఇసుక దిబ్బలు కావు. టూసాన్‌లో ఏడాదికి పడే వాన అనంతపురంలో పడేదానిలో దాదాపు సగం. కానీ అది రెండు విడతలుగా వస్తుంది. జూలైలో మొదలయ్యే వానలు ఉరుములతో, వరదలతో విరుచుకుపడతాయి. చలికాలం వానలు పసిఫిక్ మహాసముద్రం మీద నుంచి వచ్చి నింపాదిగా కురుస్తాయి. రెండో విడత మేఘాలకు ఉత్తరాది చలిగాలి తోడైన రోజున ఆ వానే మంచుగా రాలుతుంది. టూసాన్ దాదాపు 730 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అది మరీ అపూర్వమేమీ కాదు. 2013 ఫిబ్రవరి 20న నగరానికి వాయవ్యంగా ఉన్న మరానాలో ప్రపంచస్థాయి గోల్ఫ్ పోటీ మంచు వల్ల మధ్యలో ఆగిపోయింది. పచ్చిక మీద తెలుపు, ఆ వెనక తెల్ల టోపీలు పెట్టుకున్న సవారోలు టీవీ తెర మీద చాలా దేశాలకు కనబడ్డాయి. 2019 ఫిబ్రవరి 22న మళ్లీ అదే దృశ్యం. 1971 డిసెంబరు 8న అయితే నగరంలో దాదాపు 7 అంగుళాల మంచు పడింది.

మంచు కురిసే ఆ కొన్ని గంటల్లో జెముడు చుట్టూ ఏం జరుగుతోందో చూస్తే జాలి కాస్త తగ్గుతుంది. మంచు కురవాలంటే మేఘం ఉండాలి. మేఘం ఎడారికి దుప్పటి. మామూలు చలికాలపు రాత్రి ఇక్కడి ఆకాశం అద్దంలా ఉంటుంది. గాలిలో తేమ ఉండదు, నేలా రాళ్లూ చెట్లూ పగలంతా పోగేసుకున్న వేడిని అడ్డులేకుండా పైకి వదిలేస్తాయి. అలాంటి రాత్రి జెముడు ఒళ్లు చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. మేఘం కమ్మిన రాత్రి ఈ దోపిడీ ఉండదు. పైనుంచి మంచు రాలుతున్నా ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఎడారి అడుగున పడ్డ మంచు చాలాసార్లు మర్నాటి మధ్యాహ్నం చూడదు. కరిగినది నింపాదిగా నేలలోకి ఇంకుతుంది. జూలై వానలా పైపైన కొట్టుకుపోదు. సవారో వేళ్లు లోతుకు పోవు, అంగుళాల లోతులోనే చెట్టెత్తు దూరం నలువైపులా పాకుతాయి. అలాంటి వేళ్లకు నెమ్మదిగా ఇంకే నీళ్ల కంటే కావలసిందేముంది? ఒక అంగుళం మంచు కరిగితే వచ్చేది అంగుళంలో పదో వంతు నీళ్లే, నిజమే. ఎడారిలో పదో వంతును ఎవరూ చిన్నచూపు చూడరు.

మరి చలి ఎప్పుడు చంపుతుంది? ఈ ప్రశ్నకు తొలి గట్టి జవాబు దొరికిన చోటు టూసాన్ పడమటి అంచున ఉన్న టుమామోక్ గుట్ట. కార్నెగీ సంస్థ 1903లో అక్కడ ఎడారి ప్రయోగశాల కట్టింది. సవారోకు శాస్త్రీయ నామంలో ఆ సంస్థ పెట్టిన ఉక్కు వ్యాపారి కార్నెగీ పేరే తగిలించారు; టన్నుల బరువున్న చెట్టుకు అంత బరువైన పేరు అక్కర్లేదేమో. ఆ గుట్ట మీద పనిచేసిన ఫారెస్ట్ ష్రీవ్ 1911లో ప్రచురించిన వ్యాసంలో తేల్చిన విషయం ఇది: సవారో ఎల్లను నిర్ణయించేది ఆ చోట ఎంత తక్కువ ఉష్ణోగ్రత నమోదైందన్నది కాదు, గడ్డకట్టే చలి ఎన్ని గంటలు ఏకబిగిన సాగిందన్నది. ఒక రాత్రంతా గడ్డకట్టే చలిలో నిలబడి, పగలు ఎండకు తేరుకుంటే సవారో బతుకుతుంది. ఆ మధ్యాహ్నం కూడా కరగకపోతే, రెండో రాత్రి మొదటి రాత్రికి అతుక్కుపోతే, చచ్చిపోతుంది. అందుకే ఒకే కొండకు దక్షిణపు వాలు మీద సవారో గుంపులు గుంపులుగా ఉంటుంది, ఉత్తరపు వాలు మీద పలచబడుతుంది. ఎండ ఏటవాలుగా తగిలే చలికాలంలో దక్షిణపు రాళ్లు ముందు వేడెక్కుతాయి, ఆలస్యంగా చల్లారుతాయి. ఆ గుట్ట మీది కొలతలు ఇంకో సంగతీ చూపాయి. గాలి లేని రాత్రి చలి నీళ్లలా పల్లానికి పారుతుంది. దిగువన శాంటాక్రూజ్ నది ఒడ్డు గుట్ట కంటే చల్లగా ఉంటుంది. సవారోలు లోయ అడుగున కాకుండా కొండపాదాల గులక వాలు మీద బారులు తీరి ఉండటానికి ఇది ఒక కారణం.

ఈ లెక్కను కాళ్లతోనో చక్రాలతోనో చదవాలంటే టూసాన్ నుంచి లెమన్ పర్వతం మీదికి ఎక్కే కేటలీనా రోడ్డు కంటే మంచి పుస్తకం లేదు. దాదాపు 43 కిలోమీటర్ల దారి. దీన్ని తవ్వినవాళ్లలో ఖైదీలే ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సంతతివారి నిర్బంధాన్ని ధిక్కరించి శిక్షపడిన గోర్డన్ హిరబయాషి కూడా వాళ్లలో ఒకడు, ఇప్పుడు దారి పక్కన ఒక విడిది స్థలానికి ఆయన పేరుంది. రోడ్డు మొదలైన చోట కొండవాలు నిండా సవారోలే. రెండు మూడు మలుపులు తిరిగాక వచ్చే మొదటి మజిలీకి ఓధమ్ భాషలో కప్ప కొండ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడి నుంచి చూస్తే కింద నగరం, ఎదురుగా జెముళ్ల సేన. మొలీనో కనుమ దగ్గరికి వచ్చేసరికి సేన చెదురుతుంది. 1200 మీటర్లు దాటాక ఒకటీ అరా, అవీ దక్షిణపు బండలకు వీపు ఆనించుకుని. ఆ పైన ఓక్ చెట్లు, తర్వాత పైన్‌లు, 2790 మీటర్ల శిఖరం దగ్గర ఫర్ చెట్ల మధ్య మంచు మీద జారే ఆటస్థలం. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పడిపోతుంది. సవారో ఎక్కడ ఆగిందో అక్కడ మంచుగీత ఏమీ ఉండదు. మంచు ఆ గీత కిందా పడుతుంది, పైనా పడుతుంది. తేడా అల్లా మర్నాడు మధ్యాహ్నానికి కరుగుతుందా లేదా అన్నదే. ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లే రహదారిలోనూ ఇదే కథ: రోడ్డు పీఠభూమి మీదికి ఎక్కి కార్డ్స్ జంక్షన్ చేరేలోపు సవారోలు ఉన్నట్టుండి మాయమై గడ్డిమైదానం మొదలవుతుంది. అంత దూరం కారు అద్దంలో కదిలిన తోడు ఎప్పుడు దిగిపోయిందో గమనించకపోతే తెలియదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నదేమీ కాదు. మంచునూ చలినీ ఇలా విడదీయడం కాగితం మీద బాగానే ఉంది గానీ, రెండూ కలిసే వస్తాయి కదా? మంచు తెచ్చిన తుపాను వెనకే ఉత్తరాది చలిగాలి దిగుతుంది, మేఘం తొలగుతుంది, ఆ రాత్రే అసలు గండం. పైగా నేల మీద మిగిలిన మంచు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి పగలు తేరుకోవడమూ ఆలస్యమవుతుంది. ఇందులో ప్రతి ముక్కా నిజం. తడిమంచు పేరుకుంటే బరువుకు చేతులు విరిగే ప్రమాదమూ ఉంది. కానీ ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదు, గడియారాన్ని కాస్త ముందుకు జరుపుతుంది. గండం మంచు కురిసిన రాత్రి కాదు, ఆకాశం విప్పారిన మర్నాటి రాత్రి. ఫొటోలు తీసేవాళ్లు ఇంటికి వెళ్లిపోయాక. చలి రావడానికి మంచు తోడు రావాలన్న నియమమూ లేదు. 2011 ఫిబ్రవరి మొదటి వారంలో టూసాన్‌లో ఉష్ణోగ్రత సున్నాకు 8 డిగ్రీల కిందికి దిగింది. గొట్టాలు పగిలాయి, దక్షిణ అరిజోనాలో వేలాది ఇళ్లకు గ్యాస్ ఆగిపోయింది. సరిహద్దు అవతల మెక్సికోలోని సినలోవాలో లక్షల ఎకరాల మొక్కజొన్న మాడిపోయింది. టూసాన్ పెరళ్లలోని సున్నితమైన జెముళ్ల కొసలు నల్లబడ్డాయి. అయినా ఆ వారం నుంచి చెప్పుకోదగ్గ తెల్లటి ఫొటోలు లేవు, అందుకే జనం జ్ఞాపకంలో 2019 ఉన్నంత స్పష్టంగా 2011 లేదు. 1971 సంగతీ అంతే. నగరం గుర్తుపెట్టుకున్నది డిసెంబరు మంచును. సవారో పరిశోధకుల రాతల్లో పదేపదే వచ్చేది అదే ఏడాది జనవరి నాటి గడ్డు చలి.

టూసాన్ వాసులకు ఈ తేడా పుస్తకం చదవకుండానే తెలుసు. చలి హెచ్చరిక వచ్చిన సాయంత్రం పెరట్లో నిలువు జెముళ్ల కొసలకు థర్మోకోల్ కప్పులు బోర్లిస్తారు. మిగతా ఒళ్లంతా వదిలేసి తలకు మాత్రమే టోపీ పెట్టడం చూసేవాళ్లకు నవ్వులాటలా ఉంటుంది. నిజానికి అందులో శాస్త్రమంతా ఉంది. జెముడు ఎదిగేది తల దగ్గరే, ఆకాశానికి నేరుగా ఎదురుగా ఉండేదీ తలే. తల గడ్డకడితే ఎదుగుదల ఆగిపోతుంది. పార్క్ నోబెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1980లో సవారోనూ దాని దక్షిణాది బంధువులనూ పోల్చి చూశాడు. కొస మీద దట్టంగా ఉండే ముళ్లు, నూగు, లావాటి కాండం కలిసి సవారో తలను రాత్రిపూట కాస్త వెచ్చగా ఉంచుతాయని, సన్నటి కాండాల ఆర్గన్‌పైప్ జెముడు అంత ఉత్తరానికి రాలేకపోవడానికి అదొక కారణమని తేల్చాడు. ముల్లు అంటే పశువును పొడవడానికే అనుకుంటాం. ఇక్కడ అది ఉన్ని టోపీ కూడా. చిన్న సవారోకు ఆ లావూ ఉండదు, ఆ టోపీ చాలదు. అందుకే అది పాలో వెర్డే చెట్టు నీడలోనో, మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ కిందో పుడుతుంది. ఈ దాది చెట్టు వేసవిలో గొడుగని అందరికీ తెలుసు. చలిరాత్రి అదే కొమ్మల పందిరి ఆకాశానికీ పిల్లకూ మధ్య దుప్పటిగా నిలుస్తుంది. ఫీనిక్స్ పరిసరాల్లో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో కరివేపాకు కుండీ మీద పాత దుప్పటి కప్పితే, చేస్తున్నది పాలో వెర్డే చేసే పనే.

రెండో అభ్యంతరం ఇంకో వైపు నుంచి వస్తుంది. చలి ఇంత ప్రాణాంతకమైతే, గడ్డకట్టే దేశాల్లో జెముళ్లు ఎలా ఉన్నాయి? ఉన్నాయి మరి. నాగజెముడు జాతికే చెందిన ఒక చిన్న మొక్క కెనడాలో పీస్ నది గట్ల దాకా వెళ్లింది. చలికాలం రాకముందే అది ఒంట్లో నీళ్లు చాలావరకు వదిలేసి, ముడతలు పడి, నేలకు అతుక్కుంటుంది. గడ్డకట్టడానికి నీళ్లు తక్కువ, పైన మంచు పరుపు. అక్కడ కురిసే మంచు శత్రువు కాదు సరికదా, సున్నాకు ఎంతో దిగువన ఉన్న గాలికి అడ్డుగోడ. బొలీవియాలో ఉయూని ఉప్పు మైదానం మధ్య, 3600 మీటర్ల పైన ఉన్న ఇంకావాసి దిబ్బ మీద సవారో అంతటి నిలువు జెముళ్లు వందలాదిగా ఉన్నాయి. అక్కడ చలికాలంలో రాత్రి గడ్డకట్టడం నిత్యకృత్యం. కానీ ఉష్ణమండలపు ఎండ ప్రతి మధ్యాహ్నం వచ్చి తీరుతుంది. ష్రీవ్ లెక్కకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. సవారో ఈ రెండు దారుల్లోనూ పోలేదు. నీళ్లు వదిలి ముడుచుకోవడం దాని పద్ధతి కాదు, నీళ్లు దాచుకుని ఎత్తుగా నిలబడటం దాని పద్ధతి. వేసవిలో ఏ నీళ్లు ప్రాణమో, చలిలో ఆ నీళ్లే గండం. గుజ్జులో కణాల మధ్య నీరు ముందు గడ్డకడుతుంది, ఆ గడ్డ కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. కొన్ని గంటల్లో కరిగితే నీరు తిరిగి లోపలికి పోతుంది. కరగకపోతే కణం ఎండి చస్తుంది.

దారి తప్పిన శాస్త్రం సంగతి ఇప్పుడు చెప్పాలి. టూసాన్‌కు తూర్పున రింకన్ కొండల పాదాల వద్ద ఉన్న మహా జెముళ్ల అడవిని 1933లో అధ్యక్షుడు హూవర్ జాతీయ స్మారకంగా ప్రకటించాడు. 1994లో అది జాతీయ పార్కు అయింది. స్మారకం ప్రకటించిన కొన్నేళ్లకే అక్కడి ముసలి సవారోలు కుళ్లి కూలడం మొదలైంది. ఒంటి మీద నల్ల మచ్చలు, వాటి నుంచి కంపుకొట్టే నల్లటి రసం, చివరికి గుజ్జంతా జారిపోయి వాసాలు మాత్రం మిగలడం. పరీక్షిస్తే రసం నిండా బాక్టీరియా. రోగం అన్నారు, అంటురోగం అన్నారు. 1941లో ఒక ప్రయోగం చేశారు: కొంత భాగంలో రోగం సోకిన చెట్లను నరికి గోతుల్లో పూడ్చిపెట్టారు, పక్క భాగాన్ని అలాగే వదిలేశారు. మరణాలు రెండు చోట్లా సాగుతూనే పోయాయి. తమ పిల్లల కాలానికి ఈ అడవి ఉండదని బెంగపెట్టుకున్నవాళ్లు చాలామంది. 1960ల తర్వాత వారెన్ స్టీన్‌బర్గ్, చార్లెస్ లో అనే ఇద్దరు ఏళ్ల తరబడి చెట్టు చెట్టునూ లెక్కపెట్టి వేరే కథ చెప్పారు. 1937 జనవరిలో ఒక గడ్డు చలి వచ్చింది. అది చంపిన గుజ్జులోకి బాక్టీరియా తర్వాత చేరింది. బాక్టీరియా హంతకుడు కాదు, శవాన్ని శుభ్రం చేసే పనివాడు. 1962లో, 1971లో, 1978లో వచ్చిన చలుల తర్వాత మరణాలు పెరగడం వాళ్ల వాదనను బలపరిచింది.

అప్పటివాళ్లు అంత తెలివైనవాళ్లై ఉండీ ఎందుకు పొరబడ్డారన్నదే నాకు అన్నిటికంటే ఆసక్తి. సవారో చలికి చస్తే ఆ రోజే చావదు. చిన్నవి త్వరగా పోతాయి. పెద్దవి నెలలు, ఏళ్లు నిలబడే ఉంటాయి, కొన్ని పూస్తాయి కూడా. వేసవి ఎండలో కుళ్లు బయటపడ్డప్పుడు దానికి కారణం రెండేళ్ల కిందటి ఒక రాత్రి అని ఎవరికి తోస్తుంది? చావుకూ చలికీ మధ్య ఎడం ఎంత పెద్దదైతే, మధ్యలో కనబడినవాడు దోషిగా దొరికిపోవడం అంత తేలిక. ఒక మాట ఒప్పుకోవాలి: చలి ఒక్కటే అంతా చేసిందనీ కాదు. ఆ అడవిలో సున్నపు బట్టీల కోసం దాది చెట్లను నరికారు, 1958 దాకా పశువులను మేపారు. కొత్త మొక్కలు లేచే అవకాశమే లేక, అడవి నిండా దాదాపు ఒకే ఈడు ముసలి చెట్లు మిగిలాయి. ముసలితనం వల్లే పోయాయని వాదించేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు ఈ రెంటికీ పేచీ లేదు. కొమ్మలు ఎక్కువై, గాయాలు ఎక్కువైన ముసలి చెట్టును తోసే చెయ్యి చలిది. అది పడ్డ చోట ఖాళీ అలాగే ఉండిపోవడానికి కారణం పశువు, గొడ్డలి.

చలి తన సాక్ష్యాన్ని మాత్రం చెరపలేదు. పార్కు తూర్పు భాగంలో 8 మైళ్ల చుట్టు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తే దాన్ని చదవచ్చు. కొన్ని కాండాలు నిటారుగా పోతూ పోతూ ఒక ఎత్తున నడుం కట్టినట్టు సన్నబడి, మళ్లీ లావవుతాయి. తల గాయపడి ఎదుగుదల కుంటుపడిన ఏడాది అది. ఒక్కో చలికి ఒక్కో నడుము. ఎదుగుదల వేగం తెలిస్తే ఏ నడుము ఏ ఏడాదిదో లెక్కగట్టవచ్చు. పైకి లేవవలసిన చేతులు కిందికి వేలాడుతూ, కొసలు మాత్రం మళ్లీ ఆకాశం వైపు తిరిగిన చెట్లు కనిపిస్తాయి. పర్యాటకులు వాటి పక్కన నిలబడి అదే భంగిమలో ఫొటోలు దిగుతారు. గడ్డకట్టి బలం పోయిన చెయ్యి జారి, చావక, మళ్లీ పైకి ఎదగడం మొదలుపెడితే వచ్చే వంకర అది. ఎన్నో పోలికలు చెప్పే మార్గదర్శక పుస్తకాలు ఈ సంగతికి ఇంకో రెండు వాక్యాలు ఇస్తే బాగుండేది.

చివరి అభ్యంతరం నేటి కాలానిది. చలే శత్రువైతే, భూమి వేడెక్కడం సవారోకు మేలే కదా? ఎల్ల ఉత్తరానికి జరుగుతుంది, కొండ ఇంకాస్త ఎక్కుతుంది. 2005లో వైస్, ఓవర్‌పెక్ అనే శాస్త్రజ్ఞులు సొనోరా ఎడారి తన చలిని పోగొట్టుకుంటోందా అని ప్రశ్నించి, గడ్డకట్టే రోజులు తగ్గుతున్నాయని చూపించారు. ఆ మేరకు నిజమే. కానీ చలి సవారోకు మాత్రమే ఎల్ల గీయలేదు, దాని శత్రువుకూ గీసింది. ఆఫ్రికా నుంచి పశువుల మేతకని తెచ్చిన బఫెల్ గడ్డి ఇప్పుడు ఇక్కడి కొండవాలుల మీద అల్లుకుపోతోంది. మన దేశంలో ఇదే అంజన్ గడ్డి, కరువు నేలల్లో పశువులకు మంచి మేత. సొనోరాలో మాత్రం అది చెట్టుకూ చెట్టుకూ మధ్య ఉండవలసిన వట్టి నేలను నింపేస్తుంది. ఆ వట్టి నేలే ఈ ఎడారిలో మంటను ఆపే గట్టు. సవారోకు మంటతో పరిచయం లేదు. పలచటి తోలు, నీళ్ల గుజ్జు, కాలితే కోలుకోదు. 2020 జూన్‌లో పిడుగు పడి మొదలైన బిగ్‌హార్న్ కార్చిచ్చు కేటలీనా కొండల్లో దాదాపు 1,20,000 ఎకరాలు కాల్చి, పాదాల వద్ద ఉన్న సవారోల దాకా దిగివచ్చింది. బఫెల్ గడ్డి మరీ ఎత్తుకూ మరీ ఉత్తరానికీ పోకుండా ఇంతకాలం ఆపుతున్నవాటిలో గడ్డకట్టే చలి ముఖ్యమైనది. కాపలాదారు సెలవు పెడితే లోపలికి ఎవరు ముందు వస్తారు? ఏడాదికి మీటరు ఎత్తు లేచి విత్తనం రాల్చే గడ్డా, ఎనిమిదేళ్లకు ఒకటిన్నర అంగుళం ఎదిగే జెముడా? ఇక వేడి సంగతి. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటాయి, రాత్రులు కూడా చల్లబడలేదు. సవారో తన ఆకుపచ్చ ఒంటి మీది రంధ్రాలను తెరిచి గాలి పీల్చేది రాత్రి చల్లదనంలోనే. ఆ వేసవి నగరంలో చేతులు ఊడి, కాండాలు కూలి పడ్డ సవారోలను అక్కడి వృక్షోద్యానం వాళ్లు లెక్కపెట్టుకోవలసి వచ్చింది. రాత్రి మరీ చల్లబడితే ఒక చావు, అసలు చల్లబడకపోతే ఇంకో చావు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి పట్టీలోనే దాని బతుకు.

పశువులు వెళ్లిపోయాక ఆ తూర్పు అడవిలో, 1941లో చెట్లు నరికి పూడ్చిన చోటకు దగ్గర్లోనే, పాలో వెర్డేల కింద కొత్త సవారోలు లేచాయి. గడిచిన అర్ధ శతాబ్దంలో మొలిచినవి ఇప్పుడు నడుమెత్తు, మనిషెత్తు. ఒక్క చెయ్యీ లేదు, ఒంటి మీద ఒక్క నడుము గుర్తూ లేదు. కొన్ని ఇంకా కొమ్మల లోపలే ఉన్నాయి, కొన్ని ఆ పందిరి పైకి తల పెడుతున్నాయి. పైకి వచ్చిన తల మీద కొమ్మ ఉండదు, ముళ్లూ నూగూ మాత్రమే ఉంటాయి. ఆ పైన ఫిబ్రవరి రాత్రి, మేఘం లేని ఆకాశం.